సికింద్రాబాద్ నుంచి సామర్లకోట: పన్నెండేళ్ల టికెట్ల లెక్క

పెళ్లై హైదరాబాద్ వచ్చినప్పటి నుంచి, అంటే 2013 నుంచి, ఏడాదికి నాలుగైదు సార్లు సికింద్రాబాద్, సామర్లకోట మధ్య తిరుగుతూనే ఉన్నాను. మొదట ఇద్దరం, ఇప్పుడు పిల్లలతో కలిపి నలుగురం, అమ్మ కూడా ఉంటే ఐదుగురం. ఐఆర్‌సీటీసీ సైటు, తర్వాత దాని యాప్, స్టేషన్లో కౌంటరు, మధ్యలో కొన్నాళ్లు ఒక ప్రైవేటు యాప్, అన్నీ వాడి చూశాను. చౌకగా టికెట్ ఎలా దొరుకుతుందని ఆఫీసులో ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. కొనేటప్పుడు మిగుల్చుకునేది కొంచెమే. రద్దు చేసేటప్పుడూ, తొందరలో ఏదో ఒకటి కొనేసేటప్పుడూ పోయేదే ఎక్కువ.

2025 జులై 1న చార్జీలు పెంచినప్పుడు అందరూ అదే మాట్లాడుకున్నారు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లలో నాన్ ఏసీకి కిలోమీటరుకు ఒక పైసా, ఏసీకి రెండు పైసలు. అదే ఏడాది డిసెంబర్ 26న ఈ రైళ్లకు మరో రెండు పైసలు. మా ఊరు దాదాపు 550 కిలోమీటర్లు కాబట్టి రెండు పెంపులూ కలిపి స్లీపర్‌లో మనిషికి 16, 17 రూపాయలు, నలుగురికి 70 లోపు. ఒక్క రద్దులో నాకు పోయింది దీనికి ఎన్నో రెట్లు. 2023 వేసవిలో ఎందుకైనా మంచిదని రెండు వేర్వేరు తేదీలకు టికెట్లు తీసుకుని, వారం ముందు ఒకటి రద్దు చేశాను. స్లీపర్‌కి మనిషికి 120 చొప్పున 480 రూపాయలు పట్టుకున్నారు. 48 గంటల కంటే ముందే రద్దు చేసినా అంత పోయింది. ఆ రోజు నుంచి "ఎందుకైనా మంచిది" అని రెండో టికెట్ తీయడం మానేశాను. రద్దు గడువులు మారుతూ ఉంటాయి, రైలును బట్టి కూడా తేడా ఉంటుంది, అందుకని బటన్ నొక్కే ముందు ఎంత వెనక్కి వస్తుందో అక్కడే చూసుకోండి.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా బాబాయి కొడుకు ఒకసారి ఫోన్లో, "అక్కా, ఒకే రైలుకి రెండు ముక్కలుగా టికెట్ తీసుకో, చాలా తగ్గుతుంది" అన్నాడు. వాళ్ల దగ్గర అది నిజమే. ఆ రైలు మధ్య స్టేషన్లో ఆగితే చాలు, టికెట్లు విడగొట్టి తక్కువలో వెళ్లొచ్చు. మన దగ్గర సరిగ్గా తిరగబడుతుంది. మన చార్జీలో దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ధర తగ్గుతూ వస్తుంది. పైగా స్లీపర్‌కి రిజర్వేషన్ చార్జీ 20, సూపర్‌ఫాస్ట్ అయితే మరో 30. విజయవాడ దగ్గర టికెట్ విడగొడితే ఈ 50 రూపాయలు ప్రతి మనిషికీ రెండోసారి పడుతుంది. బెర్తు దొరకడం కోసమైతే విడగొట్టుకోవచ్చు గానీ డబ్బు కోసం విడగొట్టకూడదు.

దగ్గర ప్రయాణాల్లో ఇంకో చిక్కుంది. రాజమండ్రి నుంచి విజయవాడ 150 కిలోమీటర్లు ఉంటుంది. స్లీపర్ ఎక్కితే కనీసం 200 కిలోమీటర్లకు, థర్డ్ ఏసీ ఎక్కితే కనీసం 300 కిలోమీటర్లకు చార్జీ వేస్తారు. పడుకోని ప్రయాణానికి పడక డబ్బులు కట్టినట్టు. రత్నాచల్ లాంటి పగటి రైల్లో సెకండ్ సిటింగ్ తీసుకుంటే ఆ బాధ లేదు. పండగ స్పెషల్ రైళ్లలో ఇది మరీ ఎక్కువ. మామూలు చార్జీ మీద స్లీపర్, ఏసీలకు 30 శాతం అదనం, ఆపైన స్లీపర్, థర్డ్ ఏసీల్లో కనీస దూరం 500 కిలోమీటర్లు. మా ఊరి దాకా వెళ్లే నాకు ఆ కనీస దూరం తగలదు. ఏలూరులో దిగే మా మరిది ఒక సంక్రాంతికి అలా కట్టేసి, అంత ఎందుకైందో తెలియక రెండు రోజులు బాధపడ్డాడు. నంబరు సున్నాతో మొదలైతే అది స్పెషల్. డబ్బు కట్టే ముందు ఆ ఒక్క అంకె చూడండి చాలు.

ప్రైవేటు యాప్ గురించి చెప్పాలి. దాని పేరు చెప్పను. స్క్రీన్ బాగుండేది, వెయిటింగ్ లిస్ట్ కన్ఫర్మ్ అయ్యే అవకాశం ఇంత శాతం అని చూపించేది. మూడు ప్రయాణాలయ్యాక ఓ రాత్రి తీరిగ్గా బిల్లు విడదీసి చూశాను. "ఉచిత రద్దు" అని ఒక గడిలో ముందే టిక్ పెట్టి ఉంది, దానికి మనిషికింత చొప్పున డబ్బు తీసుకున్నారు. నేను నొక్కలేదు, తీసేయాలని చూసుకోనూ లేదు. అప్పటి నుంచి నేరుగా ఐఆర్‌సీటీసీలోనే, యూపీఐతో కడుతున్నాను. అక్కడ సర్వీసు ఫీజు టికెట్ మొత్తానికి ఒకసారే, నాన్ ఏసీకి 10 రూపాయలు, ఏసీకి 20, దాని మీద జీఎస్టీ. కార్డుతో కడితే 15, 30. టికెట్ రద్దయినా ఈ ఫీజు వెనక్కి రాదు. బీమా మాత్రం మనిషికి 45 పైసలే, అది తప్పకుండా టిక్ పెడతాను.

నిజంగా ధర తగ్గించి ఇచ్చేది ఒకటుంది, చాలామందికి తెలియదు. చార్టు, అంటే ఎవరికి ఏ బెర్తో చెప్పే తుది జాబితా, పడ్డాక మిగిలిపోయిన బెర్తులకు మూల చార్జీ మీద 10 శాతం తగ్గింపు. 2017 జనవరి నుంచి రిజర్వేషన్ ఉన్న రైళ్లన్నిటికీ ఇది ఉంది. యాప్‌లో కరెంట్ అవైలబుల్ అని కనిపిస్తుంది. మంగళవారం, బుధవారం ఒక్కదాన్నే ఊరెళ్లాల్సి వస్తే ఇదే నా పద్ధతి, అలా గౌతమిలో నాలుగైదు సార్లు వెళ్లాను. పిల్లలతో అయితే చేయను, ఆ టెన్షన్ భరించలేను. సంక్రాంతికి అసలు ఆశ పెట్టుకోవద్దు. 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తున్నారు కాబట్టి భోగికి జనవరి 13న బయల్దేరాలంటే నవంబర్ 14 ఉదయం 8 గంటలకు కూర్చోవాలి. ఆధార్ ముందే లింక్ చేసి పెట్టుకోండి. మొదటి 15 నిమిషాలు ఆధార్ సరిచూసిన అకౌంట్లకే అని 2025 అక్టోబర్‌లో పెట్టారు, 2026 జనవరి నుంచి దాన్ని బుకింగ్ తెరిచిన రోజంతటికీ పెంచారు. తత్కాల్‌కి కూడా ఆధార్ తప్పనిసరి. తత్కాల్లో స్లీపర్‌కి 100 నుంచి 200, థర్డ్ ఏసీకి 300 నుంచి 400 అదనం, కన్ఫర్మ్ అయ్యాక మనం రద్దు చేసుకుంటే పైసా రాదు. నేను చావుబతుకుల పనికి తప్ప వాడను.

వందే భారత్‌లో వెళ్లేవాళ్లు బుక్ చేసేటప్పుడు భోజనం వద్దని పెట్టుకోవచ్చు, ఆ మేరకు తగ్గుతుంది. మేం పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తాం.

ఇక నన్ను అందరికన్నా గట్టిగా ఆదుకున్న రూలు. 2024 జూన్, బడులు తెరవడానికి రెండు రోజుల ముందు. సామర్లకోట ప్లాట్‌ఫాం మీద బెంచీ కింద మామిడిపండ్ల బుట్ట, పక్కన నాలుగు సంచులు. నలుగురం ఒకే టికెట్ మీద ఉన్నాం. చార్టులో మూడు పేర్లకు బెర్తులొచ్చాయి, పెద్దోడి పేరు ఎదురుగా మాత్రం డబ్ల్యూఎల్ 2, అంటే వెయిటింగ్ లిస్ట్ 2, అనే ఉంది. రైలుకి గంట టైముంది. "ఎక్కేద్దాం, టీటీఈని బతిమాలుకుందాం" అన్నారు మా ఆయన. రాత్రంతా వాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? నాకు గుర్తున్నది ఒకటి. ఒకే టికెట్ మీద కొందరికి కన్ఫర్మ్ అయి కొందరికి కాకపోతే, రైలు బయల్దేరే టైముకి 30 నిమిషాల ముందే అందరి పేర్లకూ కలిపి రద్దు చేసినా, టీడీఆర్ (డబ్బు వెనక్కి ఇమ్మని ఆన్‌లైన్లో పెట్టే అర్జీ) వేసినా, కన్ఫర్మ్ అయినవాళ్ల డబ్బు కూడా వెనక్కి వస్తుంది. మనిషికి 60 రూపాయలే కోత. ఫోన్లో చార్జింగ్ తొమ్మిది శాతం. సిగ్నల్ ఉన్న చోటు వెతుక్కుంటూ ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీద నిలబడి టీడీఆర్ వేశాను. ఇంకా 41 నిమిషాలుంది. బస్సులో వెళ్లాం. డబ్బు కొన్ని వారాల తర్వాత వచ్చింది, 240 పోను మొత్తం. మామూలుగా అయితే రైలుకి గంట ముందు కన్ఫర్మ్ టికెట్ రద్దు చేస్తే ఒక్క రూపాయి రాదు. వెయిటింగ్‌లో ఉన్నప్పుడు కుటుంబాన్ని రెండు టికెట్లుగా విడగొట్టొద్దని చెప్పడానికి కారణం ఇదే.

అమ్మ టికెట్ ఒక్కటే నేను విడిగా తీస్తాను, అదీ కింది బెర్తు కోసం. 58 దాటిన ఆడవాళ్లకు సగం, 60 దాటిన మగవాళ్లకు 40 శాతం తగ్గింపు ఉండేది. 2020 మార్చి 20 నుంచి ఆపేశారు. అమ్మ పాత బ్యాంకు పాసుపుస్తకంలో 2019 నాటి కౌంటరు టికెట్ ఇప్పటికీ దాచుకుంది, సిరా వెలిసిపోయింది. తర్వాత మొదటిసారి పూర్తి చార్జీ పడినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "వయసు పెరిగితే టికెట్ తగ్గాలి గానీ ఇదేంటే అమ్మాయ్?" అంది. నా దగ్గర జవాబు లేదు. పింఛను డబ్బుతో సొంతంగా కొనుక్కునే మనిషి, ఇప్పుడు నేను తీస్తే మొహమాటపడుతోంది. ఆ రాయితీ తిరిగి ఇవ్వాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కింది బెర్తు కోటా మాత్రం మిగిలింది. 60 దాటిన మగవాళ్లు, 45 దాటిన ఆడవాళ్లు ఒంటరిగా గానీ, ఇద్దరు కలిసి గానీ ఒక టికెట్ మీద ఉంటేనే అది వర్తిస్తుంది. మా ఐదుగురి టికెట్‌లో కలిపితే అమ్మకు ఒక్కోసారి పై బెర్తు పడేది. మోకాళ్లతో ఆవిడ ఎక్కలేదు. అందుకని ముందు అమ్మ టికెట్ సీనియర్ సిటిజన్ కోటాలో తీసి, వెంటనే మా నలుగురిదీ తీస్తాను. రెండో టికెట్‌కి ఫీజు 11 రూపాయల 80 పైసలు అదనం. కోచ్ వేరైతే సామాను మాతో పెట్టుకుని, ఆవిడకు నీళ్లసీసా, దుప్పటి ఇచ్చి, రాజమండ్రి దాటాక ఒకసారి వెళ్లి చూసొస్తాను. పోయినసారి వెళ్లేసరికి కింది బెర్తు మీద కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది, కాళ్లు చాపుకుని.