రొట్టెల పండుగకు వెళ్తున్నారా? ఏర్పాట్లు ఎలా ఉంటాయంటే

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో ఐదు రోజులు రొట్టెల పండుగ. ఒంగోల్లో మా వీధి ఆడవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే, అంత జనంలో మనం తట్టుకోగలమా అని. తట్టుకోగలం. 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు కాబట్టి ఏర్పాట్లు పెద్ద ఎత్తునే ఉంటాయి. దర్గా పక్కనే ఉన్న స్వర్ణాల చెరువు ఘాట్ల దగ్గర పోలీసులు, గజ ఈతగాళ్లు ఉంటారు. మంచినీళ్లకు ఎక్కడా తడుముకోనక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది చెరువు ఒడ్డున పెట్టే బోర్డులు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, సొంతింటి రొట్టె అని విడివిడిగా రాసి ఉంటాయి. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. బోర్డు లేకపోతే అంతమందిలో ఒకరికొకరు దొరకడం చాలా కష్టం. మా అబ్బాయికి ఉద్యోగం వచ్చిందని మొన్న నేను ఇచ్చేదానిగా వెళ్లాను. తలమీద కొంగు కప్పుకుని నీళ్లలో దిగానో లేదో, చెన్నై వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి "అమ్మా, ఉద్యోగం రొట్టేనా? మా తమ్ముడికి కావాలమ్మా" అంది. చేతిలో పెట్టి, "పని అయ్యాక మీరూ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి తల్లీ" అన్నాను. అక్కడే ఒక ముక్క తుంచి తినింది. నాకు కళ్లు చెమర్చాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతా, రొట్టె ఇంట్లోనే కాల్చుకుని వెళ్లండి. దారి పొడవునా అమ్ముతుంటారు కానీ, నేను చూసినవి పొద్దుటికే ఎండి అట్టముక్కలా ఉన్నాయి. అవతలివాళ్లు ఆశతో తినే రొట్టె అది. గోధుమపిండిలో కాస్త నెయ్యి వేసి తెల్లవారుజామున కాల్చి, గుడ్డలో చుట్టుకుంటే మెత్తగా ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లు అసలొద్దు, ఘాట్ మెట్ల నిండా అవే.

బాగాలేనిది మరుగుదొడ్ల సంగతి. పొద్దున శుభ్రంగానే ఉంటాయి, మధ్యాహ్నానికి లోపల కాలు పెట్టలేం. బట్టలు మార్చుకునే గదుల దగ్గరా పెద్ద వరుస. షుగర్ ఉన్నవాళ్లు, ముసలివాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. శుభ్రం చేసేవాళ్లను రెండింతలు పెట్టాల్సిందే.

ఇంకో సంగతి ఎండ. 2025లో పండుగ జూలై 6 నుంచి 10 వరకు జరిగింది. చంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది, అంటే కొన్నేళ్లలో రోహిణి కార్తెలో పడుతుంది. నెల్లూరు ఎండ సంగతి తెలిసిందే కదా. ఇప్పుడున్న షామియానాలు అప్పటికి చాలవు, నీడ ఇప్పటినుంచే పెంచాలి.

రాత్రి ఉండగలిగితే గంధ మహోత్సవం రోజు వెళ్లండి. కోటమిట్ట నుంచి ఊరేగింపుగా గంధం వస్తుంది. దర్గాలో ఉన్నవి గండవరం యుద్ధంలో అమరులైన పన్నెండు మంది సమాధులని చెబుతారు. ఆ గంధం కోసం హిందువులు, ముస్లింలు ఒకే వరుసలో నిలబడతారు. పిల్లలతో మాత్రం ఆ తోపులాటలోకి వెళ్లొద్దు. పిల్లలుంటే మామూలు రోజున పొద్దున్నే రండి, ఏడు గంటలకల్లా నీళ్లలో ఉంటే ప్రశాంతంగా అయిపోతుంది. ఆటోలు దర్గాకు చాలా ముందే ఆపేస్తారు, నడవాల్సి ఉంటుంది. చెప్పులు బయట వదలకుండా ఒక సంచిలో వేసుకోండి. ఓపిక ఉంటే అటునుంచి కసుమూరు దర్గా కూడా చూసి రావచ్చు, చాలామంది అలాగే చేస్తారు.