గిఫ్ట్ కార్డా, ఫొటోల ఆల్బమా?

పండగ రేపే. చేతిలో ఒక్క సాయంత్రమే ఉంది. ఏం ఇవ్వాలా అని టెన్షన్ పడేవాళ్లకు చివరికి మిగిలేవి ఈ రెండే.

ఖర్చు: కార్డులో ఎంత వేశారో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఆల్బమ్‌కు ప్రింట్ల ఖర్చే.

శ్రమ: కార్డు 5 నిమిషాల్లో మెయిల్‌లో వెళ్లిపోతుంది. ఆల్బమ్‌కు రెండు మూడు గంటలు పడుతుంది, అందులో సగం ఫొటోలు ఏరడానికే. 12 చాలు. ప్రతి ఫొటో వెనక ఒక్క వాక్యం చేత్తో రాయండి: "ఆ రోజు వానలో నీ చెప్పు తెగింది, గుర్తుందా?" మా అక్కకు ఇచ్చినప్పుడు ఒక్కో ఫొటో వెనక్కి తిప్పి ముందు అదే చదివింది.

రిస్క్: కార్డుకు గడువు ఉండొచ్చు, చూసి కొనండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు సాధారణంగా సైజు తగ్గి ఉంటాయి, పెద్దగా ప్రింట్ తీస్తే మసకగా వస్తాయి. ఒరిజినల్స్ అడిగి తెప్పించుకోండి. 4×6 అంగుళాల ప్రింట్‌కు 1800×1200 పిక్సెళ్లుంటే స్పష్టంగా వస్తుంది.

ఆఫీసు స్నేహితులకు, టీనేజ్ పిల్లలకు, దూరాన ఉన్నవాళ్లకు కార్డే నయం. అమ్మానాన్నలకు, చిన్ననాటి స్నేహితులకు మాత్రం నిద్ర మానుకునైనా సరే ఆల్బమే చేయండి.