మూసీ నడక: తప్పకుండా వెళ్లండి, కానీ నీటిలో ఆక్సిజన్ కొలిచే కిట్ అడగండి

హైదరాబాద్‌లో మూసీ గట్టు వెంట, పురానాపూల్ దగ్గర మొదలై అఫ్జల్‌గంజ్ మీదుగా చాదర్‌ఘాట్ దాకా కొందరు వాలంటీర్లు ఆదివారం పొద్దున నడక పెడుతున్నారు. వచ్చేవాళ్లంతా దాదాపు కాలేజీ పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు. ఒక్క విషయం తప్పిస్తే నాకు చాలా నచ్చింది.

మమ్మల్ని తీసుకెళ్లిన అమ్మాయి మూసీని ఒక్కసారి కూడా మురికికాలువ అనలేదు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది అంటూ మ్యాప్ పరిచి, మధ్యలో మనం ఎక్కడున్నామో చూపించింది. 1908 వరదలో 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకునే చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోదే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయంటే ఆ వరద వల్లే.

అసలు కదిలించింది మాత్రం గడ్డి సంగతి. నగరం దిగువన ఈ మురుగునీటితోనే పశుగ్రాసం పెంచుతారు, అది గేదెలు తింటాయి, ఆ పాలు మళ్లీ మన ఇళ్లకే వస్తాయి. అక్కడి నుంచి ప్రశ్నలు ఆగలేదు: మా అపార్ట్‌మెంట్ మురుగు ఏ నాలాలోకి పోతోంది, మా ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) నిజంగా నడుస్తోందా, ఎవర్ని అడగాలి? గ్లవ్స్ వేసుకుని ప్లాస్టిక్ ఏరి గ్రూప్ ఫొటో దిగే కార్యక్రమాల్లో ఇలాంటి ప్రశ్నలు నేనెప్పుడూ వినలేదు.

నిరాశపరిచింది నీటి పరీక్ష. అందరి చేతికీ టీడీఎస్ పెన్ను ఇచ్చారు, కానీ అది కొలిచేది నీళ్లలో కరిగిన లవణాల్ని. మురుగు సంగతి, క్రిముల సంగతి దానికి తెలీదు, అంకె తక్కువ వచ్చినంత మాత్రాన నీళ్లు బాగున్నట్టు కాదు. వాగు బతికుందో లేదో చెప్పేది కరిగిన ఆక్సిజన్. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే కిందికి పడిపోతే చేపలకు కష్టం, పూర్తిగా అయిపోతే వచ్చేదే ఆ కుళ్లిన గుడ్డు వాసన. దాన్ని కొలవడానికి చుక్కలు వేసి రంగు చూసే కిట్లు దొరుకుతాయి, పిల్లలు సులభంగా నేర్చుకుంటారు. పైగా నెలనెలా అదే చోట, అదే టైముకి కొలవాలి, ఎందుకంటే నాచు ఉన్నచోట ఎండెక్కాక ఆక్సిజన్ పెరిగి, తెల్లవారుజామున పడిపోతుంది. ఏడాది అంకెలు చేతిలో ఉంటే ఈ కుర్రాళ్లు అధికారుల ముందు గట్టిగా మాట్లాడగలరు. ఈ మాట నిర్వాహకులకు చెప్పాను, శ్రద్ధగా రాసుకున్నారు.

ఐదుకి నాలుగు స్టార్లు. బూట్లు, మాస్క్ తప్పనిసరి. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి, గట్టు కొన్నిచోట్ల జారుతుంది.