పిల్లలే నడిపే సంత: మా పాప స్టాల్ పెట్టిన రోజు

ఒక్కరోజుకి టేబుల్ అద్దెకిచ్చి పిల్లల చేత స్టాల్ పెట్టించే సర్వీస్ ఇది. మా పాపకి పదేళ్లు, పాత అట్టలతో 30 బుక్‌మార్క్‌లు చేసుకుని వెళ్లింది. మళ్లీ పంపిస్తారా అంటే తప్పకుండా పంపిస్తాను, కానీ నిర్వాహకులు ఒక విషయం మార్చుకోవాలి, అది కింద చెప్తాను.

నాకు బాగా నచ్చింది, టేబుల్ అద్దె ముందుగా మా దగ్గర తీసుకోకుండా సాయంత్రం పిల్లల గల్లాలోంచే తీసుకోవడం. ముందురోజు రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేస్తే రంగులు, రిబ్బన్ ఖర్చు తిరిగి రావడానికి 8 అమ్మాలి, అద్దెకి ఇంకో 5. అంటే 14వ దాని నుంచే తనకి లాభం. అప్పటిదాకా ఎన్ని అమ్మితే అంత డబ్బూ తనదే అనుకుంది. పెట్టుబడి అంటే ఏంటో నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, ఆ 13 అన్న అంకెతో ఎక్కేసింది.

మొదటి నలభై నిమిషాలు బోణీ కాలేదు. నాకు ఒకటే టెన్షన్, నేనే వెళ్లి ఒకటి కొనేద్దామా అనిపించింది, బలవంతంగా ఆగాను. తను తల దించుకుని కూర్చుంది, పక్క టేబుల్ బాబేమో నిలబడి వచ్చేవాళ్లని పలకరిస్తున్నాడు. కాసేపు వాడిని గమనించి తనూ లేచింది, సంచిలోంచి తను చదువుకునే పుస్తకం తీసి, మధ్యలో ఒక బుక్‌మార్క్ పెట్టి టేబుల్ మీద తెరిచి ఉంచింది. అప్పటినుంచి జనం ఆగడం మొదలైంది. ఎవరూ చెప్పలేదు తనకి.

చిల్లర ఇచ్చేటప్పుడు తీసివేత చెయ్యలేదు, ధర దగ్గర మొదలుపెట్టి ఇచ్చిన నోటు దాకా పైకి లెక్కపెట్టుకుంటూ చేతిలో పెట్టింది. 1985లో బ్రెజిల్‌లోని రెసిఫేలో వీధుల్లో అమ్మే 9 నుంచి 15 ఏళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది: బేరం దగ్గర నోటితో దాదాపు అన్ని లెక్కలూ సరిగ్గా చేసినవాళ్లు, అలాంటివే కాగితం మీద ఉత్త అంకెలుగా ఇస్తే సగం కూడా సరిగ్గా చేయలేకపోయారు. అందుకే ఇంటికొచ్చాక ఆ రోజు బేరాలే నోట్‌బుక్‌లో తీసివేతలుగా వేయించాను. మీరూ చేయించండి, స్టాల్ పెడితే స్కూల్ లెక్కలు వాటంతట అవే రావు.

ఒకాయన తగ్గించమంటే ఒక్కోటి చేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్పింది, ఆయన పాప చెప్పిన ధరకే తీసుకున్నారు. ఇంకొకావిడ వినకుండా వెళ్లిపోయింది, పాప మొహం చిన్నబోయింది గానీ ఐదు నిమిషాల్లో తేరుకుంది.

ఇక మార్చుకోవాల్సింది. పెద్దవాళ్లు టేబుల్ వెనక ఉండకూడదని రూల్ రాశారు, కానీ పట్టించుకున్నవాళ్లు లేరు. ఎదురు వరుసలో ఒక తండ్రి అమ్మడం, డబ్బు తీసుకోవడం, చిల్లరివ్వడం అన్నీ తనే చేశాడు, ఆ పిల్లాడు రోజంతా కుర్చీలో దిగాలుగా కూర్చున్నాడు. చూస్తే బాధేసింది. వాలంటీర్లు వెళ్లి మర్యాదగా ఒక మాట చెప్పాలి కదా! ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి రోజంతా కూడా ఎక్కువే, సగం రోజు టేబుల్ ఇస్తే బాగుంటుంది.

మొత్తం 18 అమ్మింది, ఖర్చులు పోను 5 బుక్‌మార్క్‌ల డబ్బు మిగిలింది. మిగిలిపోయిన 12లో 9 ముదురు గోధుమరంగువి, అది తనకి బాగా ఇష్టమైన రంగు. దారిలో వాటిని తిరగేస్తూ, "ఈసారి చేసేముందు నలుగురికి చూపించి అడుగుతానమ్మా" అంది.