ష్విండెల్ అంటే తల తిరగడం, మోసం కూడా

మే నెలలో అత్తయ్యనీ మావయ్యనీ తీసుకుని పారిస్, స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చాం. నలుగురం, ఎనిమిది రాత్రులు. ఐఫెల్ టవర్ బాగుంది, సెన్ నదిలో పడవ బాగుంది, లూసర్న్ సరస్సు ఇంకా బాగుంది. వాటి గురించి రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. నేను రాసేది 5,840 రూపాయల కాయితం గురించి. నలుగురికీ కలిపి ట్రావెల్ ఇన్సూరెన్స్‌కి కట్టింది అంత. అందులోంచి డబ్బు బయటికి లాగడానికి పట్టింది 83 రోజులు.

అసలు తప్పు కూకట్‌పల్లిలోనే జరిగింది. ఈ రెండు దేశాలకీ పనికొచ్చే షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్యఖర్చులకి ఇన్సూరెన్స్ చూపించాలి. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు కట్టాక ఈ ఇన్సూరెన్స్ చిల్లరఖర్చులా కనిపిస్తుంది. మా టూర్ ప్యాకేజీ చూసుకున్న కుర్రాడు కూడా అదే అన్నాడు: "అది ఫైల్లో పెట్టడానికే సార్, నేను చేయించేస్తా." చేయించేశాడు. మావయ్య మాత్రం ముందురోజే అతనికి వాట్సాప్‌లో రాశారు. "మా ఇంట్లో ఆవిడకు తొమ్మిదేళ్ళుగా బీపీ. రోజుకొక మాత్ర. ఫారంలో రాయవలెను." జవాబుగా బొటనవేలు బొమ్మ వచ్చింది. పాలసీ పీడీఎఫ్ వచ్చాక పేర్ల స్పెల్లింగూ పాస్‌పోర్ట్ నంబర్లూ సరిచూసుకుని మూసేశాం. రెండో పేజీలో, పాత జబ్బులు ఏమైనా ఉన్నాయా అన్నచోట, నలుగురి పేర్ల ఎదురుగా "లేవు" అని ఉంది. ఎవరం చూడలేదు.

మావయ్య గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో హీరో ఆయనే. ఆర్టీసీ డిపోలో అకౌంట్స్ చూసి రిటైరయ్యారు. రైలు టికెట్ బుక్ చేసినప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్‌కి టిక్కు పెట్టి, తర్వాత మెసేజ్‌లో వచ్చే లింకు తెరిచి నామినీ వివరాలు నింపే మనిషి. అలాంటివాణ్ణి మీరెవరైనా చూశారా? నేను చూడలేదు. ప్రయాణమంతా ఆయన చేతిలో ఒక జిప్ కవర్. అందులో మంచినీళ్ళ బాటిల్ బిల్లు దగ్గర్నుంచి అన్నీ. మా ఆవిడ మూడోరోజుకే విసుక్కుంది. "నాన్నా, మనం ఆడిట్‌కి రాలేదు."

పారిస్‌లో దిగేసరికి మధ్యాహ్నం 2:10. మూడు సూట్‌కేసులు వచ్చాయి, నాలుగోది రాలేదు. అత్తయ్యవీ మావయ్యవీ బట్టలన్నీ అందులోనే. ఇక్కడ ఒక పని మర్చిపోకండి: ఎయిర్‌పోర్ట్ దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్‌లో పీఐఆర్ అనే ఫిర్యాదు కాయితం తీసుకోవాలి. అది లేకపోతే క్లెయిమ్ గురించి మాట్లాడడానికే లేదు. మేం తీసుకున్నాం, గంటన్నర క్యూలో నిలబడి.

హోటల్ గార్ దు నోర్ స్టేషన్ దగ్గర. రాత్రికి 148 యూరోలు. గదిలో సూట్‌కేసు తెరిస్తే తలుపు తెరుచుకోదు. లిఫ్ట్‌లో ఇద్దరు మనుషులు పడతారు, సామాను లేకపోతే. రిసెప్షన్‌లో ఒక్క పేజీ ప్రింట్‌కి యూరో తీసుకున్నారు. అయినా నేను మళ్ళీ ఆ చుట్టుపక్కలే దిగుతాను, కారణం లా షపెల్. ఐదు నిమిషాలు నడిస్తే శ్రీలంక తమిళుల వీధి. కూరగాయల కొట్టులో మునక్కాడలు, కరివేపాకు. మట్టసంగా ఉన్న ఒక హోటల్లో మసాలా దోసె 8 యూరోలు, సాంబారు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. కట్టుకున్న చీరతో రెండోరోజు గడుపుతున్న అత్తయ్య మొహంలో మొదటిసారి వెలుగు అక్కడే చూశాను. "బాబూ, ఈ ఊరు పర్వాలేదు" అన్నారు.

ఈలోపు నైటీ, స్వెట్టర్, మావయ్యకి రెండు చొక్కాలు, లోపలి బట్టలు కొన్నాం. మొత్తం 143 యూరోల 50 సెంట్లు. సూట్‌కేసు మర్నాడు రాత్రి 9:20కి హోటల్‌కి చేరింది, అంటే 31 గంటల తర్వాత. తెచ్చినవాడు రిసెప్షన్‌లో పడేసి వెళ్ళిపోయాడు, సంతకమూ లేదు, కాయితమూ లేదు. మావయ్య కిందికి వెళ్ళి, రిసెప్షన్ అమ్మాయితో ఒక తెల్లకాయితం మీద తేదీ, టైమ్ రాయించి హోటల్ ముద్ర వేయించుకొచ్చారు. ఆ అమ్మాయి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగిన మొదటి కాయితం అదే. పాలసీలో 12 గంటలు దాటితేనే ఆలస్యం కింద లెక్క. ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చామో పీఐఆర్‌లో ఉంటుంది గానీ పెట్టె ఎప్పుడు చేతికొచ్చిందో ఉండదు కదా.

అయినా మొత్తం ఇవ్వలేదు. పెట్టెకి కట్టిన ట్యాగు అత్తయ్య పేరు మీద ఉంది కాబట్టి అత్తయ్య కొనుక్కున్న 81 యూరోలకే ఇస్తామన్నారు. మావయ్య చొక్కాలకి సున్నా. "ఆవిడ పెట్టెలో నా బట్టలు ఉండకూడదని ఏ రూల్లో ఉంది?" అని మావయ్య ఫోన్లో అడిగితే అవతలి అబ్బాయి పాపం నిజంగానే వెతికాడు. ఆ 62 యూరోల 50 సెంట్ల బిల్లుల్ని ఎయిర్‌లైన్‌కి పంపాం. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా అడగాలి. ఐదు వారాలకి పూర్తిగా ఇచ్చారు. ఇన్సూరెన్స్ కంటే ఎయిర్‌లైనే నయమనిపించింది. ఒకే బిల్లు రెండుచోట్లా పెట్టకండి, దొరికిపోతారు. తిరుగు ప్రయాణంలో హైదరాబాద్‌లో పెట్టె రాకపోతే మా పాలసీలో ఏమీ రాదు, సొంతూరే కదా అని వాళ్ళ వాదన.

పారిస్ నుంచి బాసెల్‌కి రైల్లో మూడు గంటలు, అక్కణ్ణుంచి లూసర్న్‌కి గంట. హాయిగా సాగింది. లూసర్న్‌లో దిగిన చిన్న లాడ్జి యజమానురాలికి డెబ్బై ఏళ్ళుంటాయి. రాత్రికి 171 ఫ్రాంకులు, కెటిల్ ఉంది, కిటికీలోంచి చెక్క వంతెన కనిపిస్తుంది. 1993లో కాలిపోతే మళ్ళీ కట్టిన వంతెన అని ఆవిడే చెప్పింది. స్విట్జర్లాండ్‌లో నీళ్ళు కొనకండి, వీధి కుళాయిల్లో వచ్చేవి తాగొచ్చు. స్టేషన్‌లో టాయిలెట్‌కి మాత్రం రెండు ఫ్రాంకులు. మావయ్య దానికీ రసీదు తీసుకున్నారు.

మర్నాడు టిట్లిస్. 3,020 మీటర్ల ఎత్తులో స్టేషన్, తిరిగే కేబుల్ కారు, హిందీ సినిమా జంట కటౌట్ పక్కన ఫోటోలకి మనవాళ్ళ క్యూ. అత్తయ్య చీర మీద స్వెట్టర్, కాళ్ళకి బూట్లు, చేతిలో ఫ్లాస్కు. ఫోటో అయ్యాక పక్కకి అడుగేశారు. కరిగిన మంచు మీద కాలు జారి కుడిచెయ్యి నేలకి ఆన్చి పడ్డారు. లేపి కూర్చోబెట్టాక "కాస్త తల తిరుగుతోంది" అన్నారు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, దీని ఖరీదు అరవై వేలు.

కిందికి దిగేలోపు మణికట్టు బూరెలా పొంగింది. పాలసీ మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేశాను. అది ఇన్సూరెన్స్ కంపెనీది కాదు, సహాయం కోసం వాళ్ళు పెట్టుకున్న ఇంకో కంపెనీది. 38 నిమిషాల రోమింగ్ తర్వాత ఒక రిఫరెన్స్ నంబరు ఇచ్చి, "అడ్మిట్ కాకపోతే క్యాష్‌లెస్ లేదు, మీరే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోండి" అన్నారు. "చూపించుకోండి" అని వాళ్ళు అన్నంత మాత్రాన "డబ్బిస్తాం" అని కంపెనీ అన్నట్టు కాదు. ఇది అప్పుడు తెలీదు.

లూసర్న్‌లో ఒక క్లినిక్‌కి వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు, సన్నని చీలిక ఉందన్నారు, చెయ్యి కదలకుండా పట్టీలాంటి స్ప్లింట్ కట్టారు. డాక్టరమ్మ ఓపిగ్గా మాట్లాడింది, మందులేం వాడతారని అడిగింది, మా ఆవిడ బీపీ మాత్ర పేరు చెప్పింది. బిల్లు 612 ఫ్రాంకుల 40. కార్డు గీకేసరికి 62 వేలు దాటింది. ఆ రాత్రి లాడ్జి యజమానురాలు ఐసు సంచీ తెచ్చిచ్చింది, నేను అడక్కుండానే రిపోర్టులన్నీ రెండేసి కాపీలు తీసిచ్చింది, పైసా తీసుకోలేదు. అత్తయ్య ఎడంచేత్తో పెరుగన్నం తింటూ "అందరి ట్రిప్పూ పాడుచేశాను" అని ఏడుస్తుంటే మావయ్య బిల్లుని కవర్లో పెట్టుకుంటూ "దీనికేగా ఇన్సూరెన్సు" అన్నారు.

హైదరాబాద్ వచ్చాక ఫారాలు, పాస్‌పోర్ట్‌లో ముద్రలున్న పేజీల కాపీలు, రద్దుచేసిన చెక్కు, ఒరిజినల్ బిల్లులు, బోర్డింగ్ పాసులు. మా ఇద్దరి పాసులూ ఫోన్లో ఉండేవి, ఎప్పుడో మాయమయ్యాయి. అత్తయ్యది మావయ్య కవర్లో కాయితం రూపంలో ఉంది. రిపోర్టు జర్మన్‌లో ఉంది కాబట్టి సర్టిఫైడ్ అనువాదం అడిగారు. పేజీకి 900 చొప్పున 1,800.

తర్వాత ప్రశ్నల పత్రం వచ్చింది. అందులో ఒకటి: ప్రమాద సమయంలో పాలసీదారు సాహస క్రీడల్లో పాల్గొంటున్నారా? అరవయ్యేడేళ్ళ మా అత్తయ్య, పట్టుచీర, ఫ్లాస్కు. ఫోటో జతచేసి పంపాను.

ఇరవై తొమ్మిదో రోజున తిరస్కరణ. పాత జబ్బు వల్ల తల తిరిగి పడిపోయారు, పాత జబ్బులకి పాలసీ వర్తించదు, పైగా బీపీ సంగతి దాచారు. రిపోర్టులో ఉన్న మాట "ష్విండెల్". అనువాదంలో "వెర్టిగో" అని రాశారు. తల తిరగడం కాస్తా జబ్బు పేరైపోయింది. పక్కనే "పడిన తర్వాత" అనే మాట ఉంది, అనువాదంలో అది ఎగిరిపోయింది. నిఘంటువు చూస్తే తెలిసిన సంగతి, జర్మన్‌లో ష్విండెల్ అంటే మోసం అని కూడా అర్థముందట. రెండో అర్థం నాకు వెంటనే బుర్రకెక్కింది.

ప్యాకేజీ కుర్రాడికి ఫోన్ చేశాను. "అందరికీ లేవనే పెడతాం సార్, ఉన్నాయంటే ప్రీమియం పెరుగుద్ది." ఇంత మామూలుగా చెప్పాడు. మా డబ్బుతో, మా పేరు మీద, మాకు చెప్పకుండా పెట్టిన అబద్ధం. పాలసీ ఎక్కడైనా కొనండి, ఆ ఫారం మాత్రం మీరే నింపండి. బీపీ ఉందని రాసినంత మాత్రాన బీపీకి డబ్బిస్తారని కాదు, చాలా పాలసీల్లో ప్రాణం మీదికొస్తే తప్ప ఇవ్వరు. కానీ చెయ్యి విరిగినప్పుడు బీపీని అడ్డం పెట్టుకుని మిమ్మల్ని అబద్ధాలకోరు అనరు. అరవై దాటినవాళ్ళకైతే ఇంకో మెలిక ఉంది. పైన 50,000 డాలర్లని ఉన్నా, లోపలి పేజీల్లో గదికి ఇంత, ఆపరేషన్‌కి ఇంత అని పరిమితులుంటాయి. మా పాలసీలో ఉన్నాయి, అదృష్టంకొద్దీ అక్కడిదాకా పోలేదు.

క్లినిక్‌కి మెయిల్ రాశాను. రెండు రోజుల్లో డాక్టరమ్మ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది: తల తిరగడం పడిన తర్వాతే, పరీక్ష చేసినప్పుడు బీపీ 138/84, గాయానికీ దానికీ సంబంధం లేదు. ఫీజు అడగలేదు. దానితోపాటు మావయ్య వాట్సాప్ మెసేజ్, ఆ బొటనవేలు బొమ్మ సహా, కంపెనీ ఫిర్యాదుల అధికారికి పంపాం. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్లోనూ పెట్టాం. నెలలోగా తేలకపోతే హైదరాబాద్ లక్డీకాపూల్‌లో, ఇలాంటి తగువులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకి వెళ్ళొచ్చు, ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. మావయ్య అప్పటికే తెల్లకాయితాల మీద దరఖాస్తు రాసేశారు. నిజం చెప్పాలంటే వెళ్ళాల్సిన అవసరం రాలేదని ఆయన కొంచెం నిరాశపడ్డారు.

83వ రోజున మెసేజ్. స్ప్లింట్‌కి 74 ఫ్రాంకులు ఇవ్వరట, అది వైద్యం కాదు, వస్తువట. మిగిలినదాంట్లో మనం భరించాల్సిన 100 డాలర్లు పోను 46,357 రూపాయలు పడ్డాయి. మా ఆవిడ వెంటనే తణుకులో పుట్టింటికి ఫోన్ చేసి చెప్పింది. అత్తయ్య అప్పటికి అదే చేత్తో ఆవకాయ కలిపేస్తున్నారు. ఫోన్ మావయ్య అందుకున్నారు. కవరు చప్పుడు వినిపించింది.

"ఏమే, ఆ టాయిలెట్టు రసీదు రెండు ఫ్రాంకులు మనం అసలు పెట్టనే లేదు కదూ?"