పూతరేకా, మడత కాజానా?

డిజైన్ క్లాసు ప్రాజెక్టులో తిండి, పెట్టె, మాటల చమత్కారం మూడూ కలవాలి. నా దగ్గర రెండు ఐడియాలున్నాయి.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ గుర్తింపు (ఇది ఆ ఊరి ప్రత్యేక సరుకని చెప్పే ముద్ర) వచ్చింది. 'రేకు డబ్బాలో రేకులు' అనగానే ఎవరికైనా నవ్వొస్తుంది. పొరలు నలగవు, చెమ్మ తగలదు. కాకపోతే డబ్బా చేయించడం స్టూడెంట్ జేబుకి భారం.

తాపేశ్వరం మడత కాజాకి అట్టముక్క చాలు. జిగురు లేకుండా మడతలతోనే నిలిచే పెట్టె. మొదటి మడత విప్పితే 'ఆగు', రెండోది విప్పితే 'ఇంకా ఉంది', మూడోది విప్పితే కాజా. చమత్కారాన్ని చేత్తో విప్పుకోవాలి, నాకు నచ్చింది అదే. టెన్షనల్లా పాకంతోనే. శాంపిల్ పెట్టెలో గంటసేపు ఉంచితే అట్ట తడిసి 'ఆగు' కాస్తా మరకైపోయింది (అదీ ఆగలేదు!). లోపల బటర్ పేపర్ వేశాక నిలిచింది. నేను కాజాకే దిగుతున్నా.