అనంతపురం దుమ్ములో ఫ్లాట్‌వౌండ్ తీగలు: కొన్నేళ్ల వాడకం తర్వాత

సెమీ హాలో (లోపల కొంత బోలుగా ఉండే ఎలక్ట్రిక్) గిటారుకు 12 నుంచి 52 గేజి (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) ఫ్లాట్‌వౌండ్ తీగలు బిగించి కొన్నేళ్లుగా వాయిస్తున్నాను. జాజ్ నాదం కోరుకునేవారు కొత్త యాంపు, కొత్త పికప్పుల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) జోలికి పోకముందు మార్చవలసినవి తీగలేనని, రాక్ మాత్రమే వాయించేవారు వీటికి దూరంగా ఉండడమే మేలని నా అభిప్రాయం.

మామూలు రౌండ్‌వౌండ్ తీగలో లోపలి ఉక్కు చుట్టూ గుండ్రటి సన్న తీగను చుడతారు కనుక పైన గాడులు ఏర్పడతాయి. ఫ్లాట్‌వౌండ్‌లో చుట్టేది బద్దలాంటి చదునైన తీగ కాబట్టి పైభాగం నున్నగా ఉంటుంది. ఆషాఢం గాలి మొదలైతే అనంతపురంలో కిటికీలు మూసినా దుమ్ము ఆగదన్నది ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రౌండ్‌వౌండ్ ఆరో తీగను విప్పి తెల్ల గుడ్డతో తుడిస్తే, చెమటతో కలిసి గాడుల్లో పేరుకున్న మట్టి నల్లటి చారగా గుడ్డకు అంటుకునేది. అప్పటికే తీగ మొద్దుగా పలుకుతూ ఉండేది. ఫ్లాట్‌వౌండ్‌కు ఆ బెడద దాదాపు లేదు. కొత్తలో ఉండే కాస్త మెరుపు తగ్గాక వచ్చే నాదం ఏడాది దాటినా అలాగే నిలుస్తుంది. ధర రెండు మూడు రెట్లు ఎక్కువైనా, బెంగళూరు నుంచి తెప్పించుకోవలసి వచ్చినా, చివరికి ఇవే గిట్టుబాటు.

జాజ్ గిటారిస్టు కెన్నీ బరెల్ 1963లో బ్లూ నోట్ సంస్థకు చేసిన ‘మిడ్‌నైట్ బ్లూ’ రికార్డులో పియానో లేదు. టెనర్ శాక్సోఫోన్, బాస్, డ్రమ్స్, కాంగాల నడుమ గిటారుకు కావలసినంత చోటు దొరకడం వల్ల ఒక్కొక్క స్వరం ఎలా మొదలై ఎలా అణగుతుందో స్పష్టంగా వినవచ్చు. మెడ వైపు పికప్పుతో, టోన్ నాబ్‌ను సగానికి తగ్గించి వాయించినప్పుడు నా గిటారు ఆ గుండ్రని పలుకుకు చాలా దగ్గరగా వస్తుంది. మరో జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ లాగా ప్లెక్ట్రమ్ (తీగలు మీటే చిన్న బిళ్ల) వదిలేసి బొటనవేలితో, ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి పలికిస్తూ పైకీ కిందికీ జారేటప్పుడు వీటి విలువ మరింత తెలుస్తుంది, ఎందుకంటే వేళ్లు తీగపై రాసుకునే కీచు చప్పుడు ఉండదు. వీణలోని జారు విని పెరిగిన చెవికి అది ఎంత హాయో!

వీణ మాదిరిగా తీగను పక్కకు లాగాలంటే మాత్రం కష్టమే. ఈ సెట్టులో మూడో తీగ కూడా చుట్టిన తీగే. దాన్ని ఒక పూర్తి స్వరం మేర లాగడానికి వేళ్లు నొప్పి పుడతాయి. రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ 1975 నాటి ‘బ్లో బై బ్లో’లో వినిపించే సాగుడు స్వరాలకు ఈ సెట్టు సరిపడదు. నాదాన్ని గరుకుగా మార్చే ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కితే పదును రాదు సరికదా, మంద్రస్థాయి అంతా ముద్దగా కలిసిపోతుంది. అందుకే నా రెండో గిటారుకు పాత 10 గేజి రౌండ్‌వౌండ్లే ఉంచాను.

బిగించేముందు నట్‌లోని (మెడ పైచివర తీగలు ఆనే పట్టీలోని) గాడులను కొంచెం వెడల్పు చేయించాలి, పెరిగిన లాగుడుకు తగినట్టు ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఉక్కు కడ్డీని), బ్రిడ్జిని (కింది వైపు తీగలు ఆనే భాగాన్ని) సరిచూసుకోవాలి. సెట్టులోని సన్నని తీగలు రెండూ చుట్టు లేని ఉక్కు తీగలే కావడంతో తుప్పు పట్టేవి, తెగేవి అవే. ఆ రెండింటినీ విడిగా నాలుగేసి కొని పెట్టుకుంటే తక్కిన సెట్టును మార్చవలసిన పని పడదు.